అరవై రోజుల కాగితాలు

మూసారాంబాగ్‌లో మా చిన్నాయన ఇంట్లో ఫ్రిజ్ మీద పెళ్లి శుభలేఖల కట్ట ఒకటి ఉండేది. ఆ కట్ట మధ్యలో అంచు కూడా చింపని స్పీడ్ పోస్టు కవరు దొరికింది. విప్పి చూస్తే లోపల ఆరు పేజీల ఇంగ్లిషు నోటీసు. దాని మీది తేదీ నుంచి లెక్కపెడితే అప్పటికి నలభై ఒక్క రోజులు గడిచాయి. "బ్యాంకోళ్ల కాయితాలు నెలకోటి వస్తనే ఉంటయి గద బిడ్డా, నువ్వొచ్చినప్పుడు చూపిద్దామని ఆడ పెట్టిన" అంది చిన్నమ్మ. మలక్‌పేట గంజ్ దగ్గరి కిరాణా దుకాణం కోసం ఇంటిని తనఖా పెట్టి తీసుకున్న అప్పు అది. నాలుగైదు కిస్తీలు తప్పాయి. నోటీసులో ఉన్నది ఒకటే మాట: అరవై రోజుల్లో మొత్తం బాకీ కట్టండి, లేకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటాం. మాకు మిగిలింది పంతొమ్మిది రోజులు.

ఆ రాత్రి బీరువా లాకరు, అటక మీది సూట్‌కేసు, చీరల దుకాణం ప్లాస్టిక్ సంచి, దేవుడి గూటి కింది సొరుగు, అన్నీ తెచ్చి చాప మీద కుమ్మరించాం. ఇంటి రిజిస్ట్రేషన్ జిరాక్సు, దానికి ముందరి లింకు డాక్యుమెంట్లు, అందులో ఉర్దూలో రాసిన పాత దస్తావేజు నకలు ఒకటి, ఆస్తిపన్ను రసీదులు, ఎల్ఐసీ బాండ్లు, పిల్లల మార్కుల మెమోలు బయటపడ్డాయి. నగదు జమ యంత్రం ఇచ్చిన చీటీలు పద్నాలుగు దొరికాయి. పదకొండు చీటీల మీద అక్షరం లేదు. ఆ కాగితం వేడికి, వెలుతురుకు తెల్లబడిపోతుంది. చిన్నాయన ఒక్కో చీటీని ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూస్తూ "కట్టిన్రా, నేను కట్టిన" అంటుంటే ఆ మాటకు రుజువు మా చేతిలో లేదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్‌బీ నగర్ వైపు ఇలాంటి నోటీసులు అందుకున్న కుటుంబాలతో కూర్చుంటున్నాను. నాకు అర్థమైనంతలో, డబ్బు లేకపోవడం వల్ల పోయే ఇళ్లు కొన్ని ఉంటాయి. గడువు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో తెలియక పోయే ఇళ్లు ఇంకా కొన్ని ఉంటాయి. ఈ రెండో రకం ఇళ్లను కాగితాలు కాపాడగలవు. ఈ వ్యాసం ఆ కాగితాల గురించే.

ముందు ఒక మాట చిక్కు విప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోర్‌క్లోజర్ అంటే బాకీ కింద ఇల్లు పోవడం. హైదరాబాద్ బ్యాంకుల్లో అదే మాటకు అర్థం వేరు. గడువు కంటే ముందే అప్పు తీర్చేసి ఖాతా మూసేయడాన్ని ఇక్కడ ఫోర్‌క్లోజర్ అంటారు. ఫోర్‌క్లోజర్ లెటర్ అడిగితే, ఈ రోజుకు ఎంత కడితే అప్పు పూర్తిగా తీరుతుందో లెక్కకట్టి ఇస్తారు. ఇల్లు పోయే దారికి మన జనం వాడే మాటలు జప్తు, వేలం. ఆ దారికి పునాది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం.

ఈ చట్టం మూలాల్లో ఒక తెలుగువాడి పేరుంది. రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసి, హైదరాబాద్‌లోనే స్థిరపడి, 2021లో ఇక్కడే కన్నుమూసిన మైదవోలు నరసింహం 1991లో, 1998లో బ్యాంకింగ్ సంస్కరణల కమిటీలకు నాయకత్వం వహించారు. మొండిబాకీల వసూలుకు సివిల్ కోర్టుల్లో ఏళ్లకేళ్లు పడుతున్నదన్నది ఆనాటి గోడు. దానికి జవాబుగా 1993లో రుణవసూలు ట్రిబ్యునళ్ల చట్టం వచ్చింది. అదీ చాలదని, కోర్టు గడప తొక్కకుండానే తనఖా ఆస్తిని అమ్ముకునే అధికారాన్ని సర్ఫేసీ చట్టం బ్యాంకుకు ఇచ్చింది. బ్యాంకులో ఉన్నది జనం దాచుకున్న డబ్బు. అది తిరిగి రావాలనడంలో తప్పు లేదు. అయితే కోర్టు మధ్యలో లేనప్పుడు, అప్పు తీసుకున్నవాడి తరఫున మాట్లాడేది అతని దగ్గరున్న కాగితమే. చట్టం రాసినవాళ్లు బ్యాంకు గురించి ఆలోచించినంతగా, ఆ కాగితం మలక్‌పేటలో ఒక కిరాణా కొట్టు ఇంట్లో ఏ స్థితిలో ఉంటుందో ఆలోచించలేదని నా అభిప్రాయం.

2004 ఏప్రిల్‌లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని చెప్పింది. ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందే బాకీలో ముప్పావు వంతు కట్టాలన్న షరతును మాత్రం కొట్టేసింది. అప్పుదారు అభ్యంతరం చెబితే బ్యాంకు దాన్ని చదివి, కారణాలతో జవాబివ్వాలని అంది. అదే ఏడాది సవరణతో అది చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడు ఆ జవాబుకు గడువు పదిహేను రోజులు. ఇంటిమీదికి నోటీసు వచ్చిన కుటుంబం ముందుగా పట్టుకోవాల్సింది ఈ ఒక్క అంశమని గట్టిగా చెబుతాను. దాని సంగతి మళ్లీ వస్తుంది.

తేదీల వరుస ఇలా ఉంటుంది. కిస్తీ తప్పి తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అవుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు కిస్తీలు కడితే మళ్లీ మామూలు ఖాతా అవుతుందని చాలామంది నమ్ముతారు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ఆ దారి మూసేసింది. పాత బకాయి మొత్తం తీరితేనే ఖాతా మామూలవుతుంది. ఎన్‌పీఏ అయ్యాక డిమాండ్ నోటీసు వస్తుంది. అందులో బాకీ ఎంతో, ఏ ఆస్తి తనఖాలో ఉందో వివరంగా రాయాలి. నోటీసు తేదీ నుంచి అరవై రోజులు. ఆ నోటీసు అందాక, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మడానికి గానీ లీజుకివ్వడానికి గానీ వీల్లేదు. అరవై రోజులు గడిస్తే స్వాధీన నోటీసు. దాన్ని గుమ్మానికి అంటించి, వారంలోపు రెండు పత్రికల్లో వేయాలి. ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక అయి ఉండాలి. స్వాధీనానికి దిగిన రోజు నుంచి నలభై ఐదు రోజుల్లో రుణవసూలు ట్రిబ్యునల్‌లో సవాలు చేయొచ్చు. తర్వాత మదింపు, ముప్పై రోజుల ముందస్తు నోటీసు, వేలం. వేలంలో పాడుకున్నవాడు పావు వంతు అదే రోజో మర్నాటి పనిదినమో కట్టాలి. బాకీ పోగా మిగిలిన డబ్బు ఇంటివాళ్లకే చెందుతుంది. ఈ చివరి సంగతి తెలియక, వేలం తర్వాత బ్యాంకు గడప తొక్కనివాళ్లను చూశాను.

వీటిలో ఒక గడువు గురించి ఈ మధ్యే రాత మారింది. పూర్వం వేలం ముగిసి అమ్మకం పూర్తయ్యేదాకా బాకీ కట్టి ఇంటిని విడిపించుకోవచ్చన్న ధోరణి ఉండేది. 2014లో మాథ్యూ వర్గీస్ కేసు తీర్పు ఆ వైపే ఉంది. 2016లో చట్టాన్ని సవరించారు. 2023 సెప్టెంబరు 21న సెలిర్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణకు అర్థం తేల్చింది. వేలం ప్రకటన వెలువడిన రోజుతోనే విడిపించుకునే హక్కు పోతుందని చెప్పింది. అంటే వేలం రోజున డబ్బు సంచితో పరిగెత్తినా దాన్ని హక్కుగా అడగలేం. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా పాత ధోరణిలోనే ఉన్నారు. "పాట పాడేనాటికి ఎక్కడో ఒకచోట తెస్తం" అంటారు. పాట నాటికి కాదు, పేపర్లో పడేలోపే తేవాలి.

ఈ తేదీలన్నీ ఏ కాగితం మీద ఉంటాయి? నోటీసు మీద ఒకటి, అది వచ్చిన కవరు మీద ఇంకొకటి. నోటీసు తేదీకీ అది చేతికి అందిన తేదీకీ మధ్య కొన్నిసార్లు వారం, పది రోజులు తేడా వస్తుంది. కాబట్టి కవరు చింపి పారేయకూడదు. దాని మీది బార్‌కోడు నంబరుతో పోస్టాఫీసు వెబ్‌సైట్‌లో ఎప్పుడు అందిందో చూసి, ఆ పేజీని ప్రింటు తీసి కవరుకు కుట్టేయాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనుక ఇలా చూసుకోవడం ఇప్పుడు సులువే. కాగితాలను రకాల వారీగా, అంటే బ్యాంకువి ఒక ఫైల్లో, ఇంటివి ఒక ఫైల్లో పెట్టడం మనకు అలవాటు. ఇలాంటి సమయంలో తేదీల వరుస పనికొస్తుంది. అప్పు మంజూరు పత్రంతో మొదలుపెట్టి నిన్నటి ఎస్ఎంఎస్ దాకా ఒకే దారం. లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు?" అనే.

మా ఇంట్లో మంజూరు పత్రం లేదు. అప్పు ఒప్పందం నకలూ లేదు. సంతకాలు పెట్టిన రోజున ఎవరూ ఇవ్వలేదు, వీళ్లూ అడగలేదు. ఒప్పందాన్ని, దాని జతపత్రాలన్నిటినీ అప్పుదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమావళి ఏనాడో చెప్పింది. రాతపూర్వకంగా అడిగాం, ఇచ్చారు. ఖాతా మొదటి రోజు నుంచి స్టేట్‌మెంటు కూడా అడిగాం. అందులో చూడాల్సింది మూడు. మనం కట్టినవన్నీ జమయ్యాయా, వడ్డీ రేటు ఎప్పుడెప్పుడు మారింది, జరిమానాను వడ్డీలో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేశారా. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు జరిమానాను వడ్డీగా వేయకూడదని, రుసుముగానే వేయాలని, దాని మీద మళ్లీ వడ్డీ కూడదని చెప్పింది. 2024 నుంచి అది అమల్లో ఉంది. తెల్లబడిన చీటీల సంగతి కూడా స్టేట్‌మెంటుతోనే తేలింది. పదకొండింటిలో తొమ్మిది జమయ్యాయి. మిగతా రెండు, జమ చేసిన రోజుల ఎస్ఎంఎస్‌లు చిన్నమ్మ పాత ఫోనులో ఉండబట్టి రుజువయ్యాయి. జమ చీటీని ఆ రోజే జిరాక్సు తీయాలి. లేదా వెలుతురులో ఫోటో తీసి కొడుకుకో కోడలికో పంపాలి. ఇంత చిన్న పని మీద లక్ష రూపాయల వాదన నిలబడుతుంది.

ఇంకో విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. అసలు, వడ్డీ కలిపి మొత్తంలో ఇరవై శాతం కంటే తక్కువే బాకీ ఉంటే సర్ఫేసీ చట్టం వర్తించదు. పదిహేనేళ్లు కట్టి చివర్లో చతికిలపడ్డ రిటైర్డ్ ఉద్యోగికి ఇది పెద్ద రక్షణ. అయితే ఎంత కట్టాడో చూపే స్టేట్‌మెంటు లేకపోతే ఆ రక్షణ ఉన్నట్టే తెలియదు. దుకాణాలవాళ్లకు 2024 ఆగస్టు 1 నాటి ప్రో నిట్స్ తీర్పు ముఖ్యం. చిన్న పరిశ్రమల, వ్యాపారాల ఖాతాను ఎన్‌పీఏ చేసేముందు, దాన్ని నిలబెట్టే మార్గం చూడాలన్న 2015 నాటి ప్రభుత్వ విధానాన్ని బ్యాంకులు పాటించి తీరాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అదే తీర్పులో, తాము చిన్న వ్యాపారులమని చూపే పత్రాలను ఎన్‌పీఏ కాకముందే బ్యాంకు ముందు పెట్టుకోవాల్సిన బాధ్యత అప్పుదారులదేనని కూడా అంది. మా చిన్నాయనకు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) సర్టిఫికెట్ ఉంది. ఏదో సబ్సిడీ వస్తుందంటే తీయించుకున్నాడు. అది బ్యాంకుకు ఇవ్వాలన్న సంగతి తెలియక లామినేషన్ చేయించి దుకాణం గోడకు తగిలించాడు.

మలక్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో ఎక్కితే పావుగంట ప్రయాణం. కాగితాల లోకంలో మాత్రం ఈ పావుగంటలో జిల్లా మారుతుంది. మలక్‌పేట, సైదాబాద్ హైదరాబాద్ జిల్లా. దిల్‌సుఖ్‌నగర్ దాటి సరూర్‌నగర్, కొత్తపేట, ఎల్‌బీ నగర్ వైపు వెళ్తే రంగారెడ్డి జిల్లా. ఇటు దస్తావేజులు ఆజంపురా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికితే, అటు సరూర్‌నగర్, చంపాపేట, వనస్థలిపురం, హయత్‌నగర్ ఆఫీసుల్లో వెతకాలి. రంగారెడ్డి జిల్లా 1978 ఆగస్టులో ఏర్పడింది. అంతకు ముందరి దస్తావేజులో ఎల్‌బీ నగర్ వైపు ప్లాటు కూడా హైదరాబాద్ జిల్లా అనే ఉంటుంది. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి పాత కాగితంలో తాలూకా పేరు ఉంటుంది. ఇంటి నంబరు సంగతి సరేసరి. 16-11తో మొదలయ్యే పాత నంబరు ఒకటి, మధ్యలో బై నంబరు చేరినది ఒకటి, ఆస్తిపన్ను రసీదు మీద ఇంకొకటి. కరెంటు బిల్లులో నాలుగోది. బ్యాంకు నోటీసులో ఆస్తి వివరాలు మన దస్తావేజుతో పోలుతున్నాయా అని చదవమనేది ఇందుకే. సరిహద్దులు, గజాలు, సర్వే నంబరు అన్నీ వేలు పెట్టి పోల్చాలి. తేడా ఉంటే అభ్యంతరంలో రాయాలి.

ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించుకోవడం ఇప్పుడు కష్టం కాదు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి వివరాలు ఉన్నాయి. అంతకు ముందరివి ఆఫీసులో వెతికించాలి. బ్యాంకు తనఖా పత్రాన్ని రిజిస్టరు చేయించి ఉంటే అది ఈసీలో కనిపిస్తుంది. తనఖా వివరం కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో నమోదై ఉండాలి. నమోదు లేకపోతే సర్ఫేసీ కింద చర్యకు దిగే వీలు లేదని 2020 జనవరి నుంచి చట్టం చెబుతోంది. ఎల్‌బీ నగర్ నియోజకవర్గంలో కొన్ని కాలనీల స్థలాలు నిషేధిత జాబితాలో పడి రిజిస్ట్రేషన్లు ఏళ్ల తరబడి ఆగాయి. 2022లో జీవో 118 ఆ సమస్య కోసమే వచ్చింది. అలాంటి చోట క్రమబద్ధీకరణ పత్రం, లేఅవుట్ క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) రసీదు దస్తావేజుతో సమానంగా భద్రపరచాలి. ఇల్లు మనమే మంచి ధరకు అమ్మి బాకీ తీర్చాలనుకున్నప్పుడు కొనేవాడు మొదట అడిగేవి అవే.

మలక్‌పేట పాత ఇళ్లకు ఉర్దూ దస్తావేజుల చిక్కు ఇంకొకటి. నిజాం కాలపు పాలనాభాష ఉర్దూ కాబట్టి తాతల నాటి అమ్మకం పత్రాలు ఆ లిపిలోనే ఉంటాయి. ఇంట్లో ఇప్పుడు చదవగలిగేవాళ్లు లేరు. మా కాగితాన్ని వీధి చివర మసీదు పక్కన ఉండే రిటైర్డ్ టీచరుగారు చదివి పెట్టారు. భూతద్దం పెట్టి, ఒక్కో పదం దగ్గర ఆగి, "బేటా, ఇది మీ నాయనమ్మ పేరు కాదు, ఆమె అత్తగారి పేరు" అన్నారాయన. వారసత్వంలో ఒక మెట్టు మధ్యలో తప్పిపోయిందని ఆ మాటతోనే మాకు తెలిసింది.

వానల సంగతి మర్చిపోకూడదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాం నగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీరువాల కింది అరల్లో ఉన్న దస్తావేజులు ముద్దయిపోయాయి. మూసీ ఒడ్డున ఉన్న మూసారాంబాగ్‌కు ఇది కొత్త కాదు. కాగితాలు పై అరలో పెట్టాలని, ప్రతిదానికీ ఒక నకలు వేరే ఇంట్లో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. తడిసిపోయినా రిజిస్టరైన దస్తావేజు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. రిజిస్టరు కాని ఒప్పందానికి ఆ భాగ్యం లేదు.

ఇక భాష సంగతి. ఈ వ్యవహారమంతటిలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. డిమాండ్ నోటీసు ఇంగ్లిషులో వస్తుంది. ఒప్పందం ఇంగ్లిషులో ఉంటుంది. బ్యాంకు జవాబు ఇంగ్లిషులో వస్తుంది. ఇల్లు స్వాధీనం చేసుకున్నామన్న ప్రకటన మాత్రం తెలుగు పత్రికలో తెలుగులో పడుతుంది. ప్రాంతీయ భాషా పత్రికలో వేసి తీరాలని నియమం ఉంది కాబట్టి. అంటే ఆ ఇంటి గురించి ఆ ఇంటివాళ్లు తమ భాషలో మొదటిసారి చదివేది అందరూ చదివే రోజునే. అప్పటికి అరవై రోజులూ అయిపోయి ఉంటాయి. దీన్ని మార్చడం కష్టం కాదు. బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలు అప్పుదారుకు ప్రాంతీయ భాషలో గానీ, అతనికి అర్థమయ్యే భాషలో గానీ అన్నీ తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమావళిలో ఉంది. 2024 అక్టోబరు నుంచి కొత్త అప్పులకు ఇచ్చే కీలక వివరాల పత్రం కూడా అప్పుదారుకు అర్థమయ్యే భాషలోనే ఉండాలి. అప్పు ఇచ్చేటప్పుడు తెలుగు కావాలన్నవాళ్లు, ఇల్లు తీసుకునేటప్పటి మొదటి నోటీసుకు తెలుగు ఎందుకు వద్దనాలి? నోటీసు వెనక ఒక్క పేజీ తెలుగు చాలు. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, అభ్యంతరం ఎవరికి రాయాలి. ఆ పేజీ ఉండి ఉంటే మా చిన్నమ్మ ఆ కవరును శుభలేఖల్లో పెట్టేది కాదు.

అభ్యంతరం దగ్గరికి వస్తాను. మేము యాభై రెండో రోజున ఇచ్చాం. రెండు ప్రతులు పట్టుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాం. కౌంటరులో అబ్బాయి "మెయిల్ చేయండి, చాలు" అన్నాడు. మెయిల్ కూడా చేశాం. ముద్ర కోసం గంటన్నర కూర్చున్నాం. ఆ ముద్ర ఎందుకంత ముఖ్యమంటే, ఇంటిని నిజంగా చేతిలోకి తీసుకోవడానికి బ్యాంకు మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. చట్టం ప్రకారం నగరంలో అయితే చీఫ్ మెట్రోపాలిటన్ మెజిస్ట్రేటు, మిగతా చోట్ల జిల్లా మెజిస్ట్రేటు. అక్కడ తొమ్మిది అంశాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పుదారు అభ్యంతరం చెప్పాడా, దాన్ని పరిశీలించి కారణాలతో జవాబిచ్చామా అన్నది అందులో ఒకటి. ముద్ర పడిన కాగితం మన చేతిలో ఉంటే ఆ అంశాన్ని ఎవరూ ఖాళీగా వదలలేరు.

బ్యాంకుల కాగితాలు ఎప్పుడూ సరిగానే ఉంటాయనుకోవద్దు. అమెరికాలో 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత, ఇళ్ల జప్తు ప్రమాణపత్రాల మీద చదవకుండానే రోజుకు వందలకొద్దీ సంతకాలు పెట్టారని 2010లో బయటపడింది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి దిగి రావాల్సి వచ్చింది. అక్కడి తెలుగు కుటుంబాలూ ఆ రోజుల్ని మర్చిపోలేదు. చదవని సంతకం రెండు వైపులా ఉంటుంది. ఇంటివాడు చదవకుండా పెడితే ఇల్లు పోతుంది. బ్యాంకువాడు చదవకుండా పెడితే అది తప్పని నిరూపించే భారం మళ్లీ ఇంటివాడి మీదే పడుతుంది.

ట్రిబ్యునల్ దాకా వెళ్లే వాళ్లకు ఒక హెచ్చరిక. హైదరాబాద్ ట్రిబ్యునల్ తీర్పు మీద అప్పీలు కోల్‌కతాలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. అక్కడ బాకీలో సగం, తగ్గిస్తే పావు వంతు ముందుగా కట్టాలి. దిల్‌సుఖ్‌నగర్ చిరుద్యోగికి ఆ అప్పీలు పేరుకే. అందుకే మొదటి మెట్టు మీదే బలంగా ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఉంది. ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100కు ఫోను చేసినా చెబుతారు. వన్ టైమ్ సెటిల్‌మెంటు అడగొచ్చు. అయితే అది హక్కు కాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నోటిమాట మీద సెటిల్‌మెంటు డబ్బు కట్టొద్దు. ఎంత, ఎప్పుడు, ఆ తర్వాత దస్తావేజులు తిరిగి ఇస్తారా అన్నది బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉండాలి. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. చేస్తే ఆ కాల్ జాబితా కూడా ఫైల్లోకి వెళ్లాలి.

బ్యాంకు కాకుండా గల్లీ ఫైనాన్సు దగ్గర అప్పు చేసినవాళ్ల బాధ వేరు. అక్కడ తనఖా పత్రం ఉండదు. అమ్మకం ఒప్పందమో, జీపీఏనో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), ఖాళీ బాండు పేపరో, సంతకం పెట్టిన చెక్కులో ఉంటాయి. జీపీఏతో ఇల్లు చేతులు మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. సేల్ డీడే రాసి రిజిస్టరు చేసి ఇచ్చేస్తే, అది నిజానికి అప్పేనని నిరూపించడం చాలా కష్టం. ఇలాంటి చోట మనం కట్టిన ప్రతి వడ్డీ బ్యాంకు ఖాతా ద్వారానో ఫోన్‌పే ద్వారానో వెళ్లాలి. నగదు ఇస్తే మాత్రం ఆనవాలు ఉండదు.

ఇంటి పెద్ద పోతే ఫైలు ఇంకా తారుమారవుతుంది. అప్పుతోపాటు తీసుకున్న బీమా పాలసీ ఏదైనా ఉందా అని మొదట వెతకాలి. ఖాతా స్టేట్‌మెంటు తొలి నెలల్లో ప్రీమియం పేరుతో ఒక ఖర్చు కనిపిస్తే పాలసీ ఉన్నట్టే. అప్పుదారు చనిపోతే దస్తావేజులు వారసులకు ఎలా ఇవ్వాలో ప్రతి బ్యాంకు విధానం పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఆదేశించింది. అదే ఆదేశంలో, అప్పు తీరిన ముప్పై రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దస్తావేజు పోగొడితే నకళ్లు తీయించడంలో సాయపడి, ఖర్చు కూడా బ్యాంకే పెట్టుకోవాలి. ఇంత మంచి ఆదేశంలో ఒక లోటుంది. అప్పు తీసుకున్న రోజున బ్యాంకు ఏయే కాగితాలు తీసుకుందో పేరుపేరునా రాసి మన చేతిలో పెట్టకపోతే, పోయింది ఏదో తేలేదెలా?

మా అభ్యంతరానికి పన్నెండో రోజున జవాబొచ్చింది. రెండు జమలు ఒప్పుకున్నారు. జరిమానా లెక్క సరిచేశారు. తుర్కయంజాల్‌లో చిన్నాయన పేరున ఉన్న ప్లాటు తనఖాలో లేదు కాబట్టి దాన్ని అమ్మి బకాయి మొత్తం కట్టాం. ఖాతా నిలబడింది. అప్పు ఇంకా ఏడేళ్లు ఉంది.

ఇప్పుడు చిన్నమ్మ ప్రతి కవరు మీద బాల్‌పెన్నుతో తెలుగులో రాస్తుంది: ఏ రోజు వచ్చింది, ఎవరు తీసుకున్నారు, విప్పింది ఎవరు. పోయిన నెల మేము బ్యాంకును మా దస్తావేజుల జాబితా అడిగాం. ఆరు వరుసలతో ఒక పేజీ పంపారు. అయిదు వరుసల్లో డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు ఉన్నాయి. ఆరో వరుసలో ఉన్నది ఇంతే: ఉర్దూ కాగితం, ఒకటి. దానికి నంబరు లేదు, తేదీ లేదు. టీచరుగారు జిరాక్సులో నుంచి చదివి చెప్పిన సంవత్సరం మా దగ్గర ఉంది. సోమవారం ఆజంపురా ఆఫీసుకు వెళ్లి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. ఆరో వరుస నింపి ఇమ్మని బ్యాంకుకు రాసిన ఉత్తరం, రెండు ప్రతులు, సంచిలో సిద్ధంగా ఉన్నాయి.